మౌనానికీ ఒక పద్దు కేటాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా చిత్తూరులో గాంధీ రోడ్డు మొదలుకొని మా వీధి చివరి కరెంటు స్తంభం దాకా ఉజ్జీవ సభల పోస్టర్లు పడ్డాయంటే శ్రమల దినాలు దగ్గరికొచ్చాయని లెక్క. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా ఏ పేటలో చూసినా షామియానాలు, స్టేజీలు, నాలుగు పక్కలా సౌండ్ బాక్సులు. ఆ సభలంటే నాకేమీ పడకపోలేదు. ఆ బిల్లుల మీద సంతకం పెట్టేది నేనే. 11 ఏళ్లుగా మా సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. షామియానాకు ఎంత, జనరేటర్‌కు ఎంత, బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి కవర్లో ఎంత పెట్టాలి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా లెక్కల పుస్తకంలో ఇంతవరకు లేని ఒక పద్దు గురించి, అంటే కొన్నాళ్లు ఏకాంతంగా, మాటల్లేకుండా ప్రార్థనలో గడిపే రిట్రీట్‌లకు మనుషుల్ని పంపే ఖర్చు గురించి అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బతుకుతెరువుకు నేను బెల్లం మండీలో గుమాస్తాను. 27 ఏళ్లయింది. తెల్లవారకముందే పల్లెల నుంచి బెల్లం బండ్లు దిగుతాయి. వేలంపాట, కాటా, హమాలీల కేకలు, రైతులకు పట్టీలు రాసివ్వడం, మధ్యలో ఫోన్లు. డిసెంబరు నుంచి మార్చి దాకా తల గీరుకోవడానికి తీరిక ఉండదు. సాయంత్రమైతే అక్కడి నుంచి నేరుగా చర్చికి. అక్కడా లెక్కలే, అక్కడా ఫోన్లే. కమిటీ మీటింగు, యువజనుల కూటం, స్త్రీల మైత్రి చందాలు, సమాధుల తోట ప్రహరీ గోడ. ‘దేవుని పనిలో అలుపెరగని మనిషి’ అని నలుగురూ అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఒంటరిగా మోకరించి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు కదా.

నలుగురిలో ప్రార్థన చేయమంటే చేసేవాణ్ణి. బాగా చేస్తాడని పేరు కూడా ఉంది. ‘సర్వోన్నతుడవైన తండ్రీ’ అని మొదలుపెడితే ‘ఆమెన్’ దాకా ఎక్కడా తడబడను. ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే మాత్రం ఒక్క మాట వచ్చేది కాదు. ఎవరో ఒకరు వింటుంటేనే నాకు నోరు లేచేది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుళ్లో మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు తెరిచి తలలు లెక్కపెట్టేవాణ్ణి. భోజనాలకు ఎన్ని విస్తర్లు కావాలి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకు ఎన్ని చిన్న గ్లాసులు పెట్టాలి, ఈ వారం కానుక ఎంత రావచ్చు. ఒకరోజు అట్లా చూస్తుండగా అయ్యగారి భార్య కళ్లలో పడ్డాను. ఆ రోజు అమ్మగారు ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత కానుక లెక్కపెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. “అన్నా, నోట్లను చూసే చూపుతోనే మనుషుల్నీ చూస్తున్నారు. మీరు బాగా అలసిపోయారు. ఒక మూడు రోజులు ఎక్కడికైనా పోయి ఊరికే కూర్చుని రండి” అన్నారు. ఊరికే అనలేదు, పలమనేరు దాటాక ఒక పాత మిషన్ బంగళాలో జరిగే మౌన రిట్రీట్‌కు నా పేరు రాయించేశారు.

సీజన్‌లో మండీ వదిలిపోవడమంటే మాటలా? మా యజమాని ముఖం చిట్లించాడు. నేనూ ఎట్లా తప్పించుకోవాలా అని చూశాను. అప్పుడు నన్ను పంపించింది మా పక్క దుకాణంలో కమీషన్ వ్యాపారం చేసే ఒక ముస్లిం పెద్దమనిషి. రంజాన్ చివరి పది రోజులు దుకాణం కొడుక్కి అప్పజెప్పి ఆయన మసీదులోనే ఏతెకాఫ్ కూర్చుంటారు. అది సీజనా, ధర ఎంత పలుకుతోంది, ఏదీ చూడరు. “పోయిరా అన్నా, బెల్లం ఎక్కడికీ పోదు” అన్నారు. మా హమాలీల్లో సగం మంది ఏటా అయ్యప్ప మాల వేస్తారు. ఆ 41 రోజులూ చెప్పులుండవు, బీడీ ఉండదు, నోట తిట్టు రాదు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం. మూటలు మోసేవాళ్లే అంత నిష్ఠగా ఉంటే, ఫ్యాను కింద కూర్చుని పట్టీలు రాసే నాకు మూడు రోజులు దొరకవా అనిపించింది.

అక్కడ 14 మందిమి చేరాం. ఇద్దరు టీచర్లు, వేలూరులో పనిచేసే ఒక నర్సమ్మ, ఒక ఆటో డ్రైవర్, డీఎస్సీకి చదువుతున్న కుర్రాడు, భర్త పోయి ఏడాది కూడా నిండని ఒకామె, ఇట్లా ఎవరి బరువు వాళ్లు మోసుకొచ్చినవాళ్లే. నడిపించేది రిటైరైన పాస్టరు గారు. 80కి దగ్గర పడ్డ మనిషి, చెవికి మిషన్ పెట్టుకుంటారు. ఆయన చేసిన మొదటి పని, అందరి ఫోన్లూ ఒక పెద్ద బిస్కెట్ల డబ్బాలో వేయించి మూత పెట్టడం. ఆ మూత చప్పుడుకు నా ప్రాణం జారిపోయినట్టయింది. తర్వాత ఆయన చెప్పింది నాలుగు మాటలే. మాట్లాడొద్దు. పక్కవాళ్లను ఓదార్చాలని కూడా చూడొద్దు. రోజూ ఒకసారి నా దగ్గరికి వచ్చి పావుగంట కూర్చోండి. మిగతా వేళంతా మీరూ ప్రభువూ. తలా ఒక చీటీ ఇచ్చారు, దాని మీద ఒక వచనం నంబరు. నాకు వచ్చింది మార్కు సువార్త 6వ అధ్యాయం 31. శిష్యులు ఊళ్లు తిరిగొచ్చి అది చేశాం, ఇది బోధించాం అని చెప్పుకుంటున్నారు. జనం వస్తూ పోతూ వాళ్లకు అన్నం తినడానికి కూడా తీరిక లేదు. అప్పుడు ప్రభువు వాళ్లను ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమంటాడు. సండే స్కూలు నాటి నుంచి తెలిసిన వాక్యమే.

మొదటి పూట పిచ్చెక్కినట్టయింది. రాత్రికి సంగటి, ఊరుబిండి, పప్పు పెట్టారు. మాటల్లేకుండా అన్నం తినడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. మన నమిలే చప్పుడు మనకే వినిపిస్తుంటుంది. పడుకుంటే నిద్ర రాలేదు. చింతకాయ ఒకటి రాలి పెంకుల మీద పడితే ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. చెయ్యి ఊరుకోక, లైటు వేసుకుని, ఆ చీటీ వెనకాల పెన్సిల్‌తో కిందటేడాది సభల ఖర్చు రాయడం మొదలుపెట్టాను. షామియానా, కుర్చీలు 36,000. సౌండు, లైట్లు 42,000. స్టేజీ, ఫ్లెక్సీలు 11,500. ప్రసంగీకుడి రాకపోకలు, బస, కానుక 55,000. భోజనాలు 78,000. మొత్తం 2,22,500. కింద గీత గీసి, అలవాటుకొద్దీ, ‘బాకీ 13,500’ అని కూడా రాశాను. అప్పటికి గానీ నిద్ర పట్టలేదు.

పొద్దున నా వంతు వచ్చి పాస్టరు గారి ముందు కూర్చుంటే, చీటీ వెనక్కి తిప్పి ఉంది. “వెనకాల ఏంది రాసినావు నాయనా?” అన్నారు. లెక్కలండీ అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, చీటీని ముఖం దగ్గరికి పెట్టుకుని ఒక్కో వరసా మెల్లగా చదివారు. చదివి నా చేతికిచ్చి, “ఈ పొద్దంతా ఇదే చదువు. వాక్యం రేపు చదువుదువులే. ఒక్కో వరస దగ్గర ఆగు. ఆ డబ్బు వెనకాల మనిషి ఎవరో చూడు” అన్నారు.

చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాను. కొంచెం దూరంలో ఆ బంగళాలో వంట చేసే అవ్వ చింతకాయలు కొడుతోంది. ఒక్కోదాన్ని రాతి మీద పెట్టి చిన్న సుత్తితో ఒకటే దెబ్బ. గింజ ఎగిరి పక్కన పడుతుంది. వేళ్లతో పీచు లాగేసి పండును చేటలో వేస్తుంది. మళ్లీ ఇంకొకటి. తొందర లేదు, ఆగడం లేదు. ఆ చప్పుడు వింటూ నా చీటీ చదువుకున్నాను. షామియానా వరస దగ్గర ఆగితే, వర్షంలో కర్రలు పాతిన ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. భోజనాల వరస దగ్గర, మూడు రోజులు పొయ్యి ముందు నిలబడి ఒక్క ప్రసంగం కూడా వినని మా సంఘం ఆడవాళ్లు. చివరి వరస దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

ఆ 13,500 ఎవరిదంటే, మా గుడి ఊడ్చి, గంట కొట్టి, సమాధుల తోట చూసుకునే పెద్దాయనది. నెలకు 4,500 ఇస్తాం. సభల ఖర్చు చెయ్యి దాటిపోయిందని మూడు నెలల జీతం ఆపాం. ఆపాం అని రాస్తున్నాను గానీ, ఆపింది నేనే. ‘వచ్చే నెల చూద్దాంలే’ అన్న మాట నా నోటిదే. కమిటీ అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నాడు. అప్పటి నుంచి ఏడాది పాటు ఆ వరసను ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎక్కిస్తూ వచ్చాను. తప్పు లెక్క కాదు, ఆడిట్‌లో ఎవరూ పట్టుకోరు. చక్కటి చేతిరాతతో రాసి ఉంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కళ్లు మూసుకుంటే నాకు అలవాటైన ప్రార్థన మాటలు ఒక్కటీ రాలేదు. “నాయినా, తప్పు చేసినా” అన్నాను. అంతే. మా ఇంట్లో మా నాయనతో మాట్లాడినట్టు, మా చిత్తూరు మాటలో. ఎన్నో ఏళ్ల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అదే అనుకుంటున్నాను. ఏడుపు ఆగలేదు. అవ్వ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ తన పని తను చేసుకుంది. చూసీ చూడనట్టు ఆమె అక్కడే కూర్చుని ఉండటం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. సాయంత్రం పాస్టరు గారు నన్నేమీ అడగలేదు. మరునాడు మార్కు 6 తెరిస్తే, అలసట తీర్చుకోమన్న ఆ మాట ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి చెప్పినట్టు వినిపించింది.

మూడో రోజు సాయంత్రం చిత్తూరులో బస్సు దిగి ఇంటికి పోకుండా, నా డబ్బు తీసుకుని ఆ పెద్దాయన ఇంటికి పోయాను. సంఘం లెక్క తర్వాత సరిచేసుకోవచ్చు. తప్పయిందని, క్షమించమని అడిగాను. క్షమించానని ఆయన అనలేదు. “కాఫీ తాగిపో నాయనా” అన్నాడు. ఆయన భార్య గ్లాసు చేతికిస్తూ చెప్పింది, జీతం ఆగిన నాటి నుంచి ఆయన ప్రభు బల్లకు రావడం లేదని. మనసులో కోపం పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని ఆయన పట్టుదల. గంట కొట్టి, అందరూ లోపలికి పోయాక, బయట వేపచెట్టు కింద కూర్చునేవాడట. ఏడాది పాటు. ప్రతి ఆదివారం తలలు లెక్కపెట్టిన నాకు ఆ ఒక్క తల తక్కువైన సంగతి తెలియనే లేదు. ఆయన ఇంకా బల్లకు రాలేదు. రమ్మని నేను అడగబోను. ఆ హక్కు నాకు లేదు.

మా కాథలిక్కు బంధువులు రిట్రీట్‌ను వడకం అంటారు. చిన్నప్పటి నుంచి విన్న మాటే గానీ, ఆ బంగళా నుంచి వచ్చాకే నా చెవిన సరిగ్గా పడింది. వడకట్టడం మా బెల్లం వాళ్లకు బాగా తెలిసిన పని. గానుగ నుంచి వచ్చిన చెరకు రసాన్ని గుడ్డలో వడకట్టి కొప్పెరలో పోస్తారు. సన్నటి సెగ మీద రసం వేడెక్కుతుంటే కాస్త సున్నపు తేట పోస్తారు. లోపలి మురికంతా మడ్డిగా పైకి తేలుతుంది. రసం మరగకముందే ఆ మడ్డి తీసేయాలి. తొందరపడి మంట పెంచితే మడ్డి తిరిగి రసంలోనే కలిసిపోతుంది. అట్లాంటి బెల్లానికి రంగు తెప్పించడానికి కొందరు హైడ్రోస్ అనే రసాయనం చల్లుతారు. ఆ పొద్దుకు బంగారంలా మెరుస్తుంది. నాలుగు నాళ్లు పోతే రంగు తేలిపోతుంది. మా సభల్లో మేం చేసేదంతా మంట పెంచడమే. పాటలు, ప్రసంగాలు, కన్నీళ్లు, చేతులెత్తి తీర్మానాలు. మంట లేకుండా బెల్లం రాదు, ఒప్పుకుంటాను. దానికి ముందు సెగ తగ్గించి మడ్డి తీసే పూట ఒకటి ఉండాలి కదా? అది మా సంఘాల్లో ఎక్కడుంది?

‘అది కాథలిక్కుల పద్ధతి, మనకెందుకు’ అని మా కమిటీలోనే ఒక పెద్దాయన అన్నారు. ఆయన మాటలో కొంత నిజముంది. స్పెయిన్ సిపాయి ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. కదలలేని ఆ రోజుల్లోనే మనసు మారింది. మరుసటేడు మన్రేసా అనే ఊళ్లో నెలల తరబడి ఏకాంతంగా గడిపి, తన లోపల జరిగిన దాన్ని బట్టి ఒక ధ్యాన క్రమం రాయడం మొదలుపెట్టాడు. 1548లో పోపు దాన్ని ఆమోదించారు. నిండుగా చేస్తే 30 రోజులు పడుతుంది. వీలును బట్టి 8 రోజులకు, 3 రోజులకు కుదించి కూడా చేయిస్తారు. ఆయన స్థాపించిన యేసుసభకు చెందిన ఫ్రెంచి గురువులు 18వ శతాబ్దం మొదట్లోనే మా పక్కనున్న పుంగనూరుకు వచ్చి ఉన్నారు. అంటే మా ప్రాంతానికి ఇది పరాయి సంగతేమీ కాదు.

ఇక ప్రొటెస్టెంట్లమైన మన ఇంట్లో చూద్దాం. సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టబోయే ముందు కొందరిని వెంటబెట్టుకుని పల్లవరం కొండ ఎక్కి రాత్రంతా ప్రార్థనలో గడిపారు. అంతకు 20 ఏళ్ల ముందే, 1921లో, మనకు దగ్గర్లోని తిరుపత్తూరులో ఇద్దరు డాక్టర్లు క్రీస్తుకుల ఆశ్రమం పెట్టారు. తమిళుడైన సవరిరాయన్ జేసుదాసన్ ఒకరు, స్కాట్లండ్ నుంచి వచ్చిన ఫారెస్టర్ పేటన్ ఇంకొకరు. ఖద్దరు కట్టి, పేదలకు వైద్యం చేస్తూ, ప్రార్థనతోనే రోజును నడుపుకున్నారు. బైబిలు మిషను వారి సన్నిధి కూటాల్లో మాటల్లేకుండా దేవుని కోసం కనిపెట్టుకుని కూర్చోవడం ఇప్పటికీ ఉంది. వీళ్లందరికంటే ముందు ప్రభువే ఇంకా చీకటి ఉండగా లేచి, ఎవరికీ చెప్పకుండా, అరణ్యానికి పోయాడు. పేతురు వాళ్లు వెతుక్కుంటూ పోయి ‘అందరూ నీకోసం చూస్తున్నారు’ అన్నారు. ఆ మాట మా చర్చి వాట్సాప్ గ్రూపులో రోజూ వినబడేదే.

మా తాత గురించి ఒక మాట రాయాలనిపిస్తోంది. కుర్రతనంలో ఆయనకు క్షయ పట్టింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. ఆ జబ్బుకు అప్పటికి మాత్రలు, ఇంజెక్షన్లు రాలేదు. మంచి గాలి, మంచి తిండి, లేవకుండా పడుకుని ఉండటం, ఇదే వైద్యం. పొలం పని మరిగిన మనిషికి పడుకుని ఉండటమే చేదు మందు అయిందని చెప్పేవాడట. ఆ మందు తాగే ఆయన బతికాడు, మా నాయన పుట్టాడు. మా జిల్లా క్రైస్తవులకు విశ్రాంతి విలువ ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు.

కాట్పాడిలో రైలెక్కి కేరళలోని మురింగూరు డివైన్ రిట్రీట్ సెంటర్‌కు పోయి, తెలుగులో జరిగే కూటాల్లో వారమంతా కూర్చుని వచ్చినవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. అక్కడి నుంచి వచ్చి తాగుడు మానేసిన మనిషిని నేను ఎరుగుదును. దేవునికి స్తోత్రం. అంత దూరం పోలేనివాళ్ల కోసం, అంత జనంలో కూర్చుంటే మనసు నిలవని నాలాంటివాళ్ల కోసం, దగ్గర్లో చిన్న చోటు కావాలని నేను అడుగుతున్నాను.

లెక్క చెప్తాను. మాకు ఆ మూడు రోజులకు తిండి, బస అన్నీ కలిపి మనిషికి 1,200 అయింది. సౌండుకు, లైట్లకు పెట్టిన 42,000తో 35 మందిని పంపొచ్చు. సభలు మానమని అనను. మూడు రాత్రులను రెండు రాత్రులు చేసి, ఆ మిగిలిన డబ్బుతో ఏడాదికి రెండు జట్లను పంపండి. మొదట పంపాల్సింది సంఘానికి చాకిరీ చేసేవాళ్లను. సండే స్కూలు టీచర్లు, క్వయర్ మాస్టరు, వంటలు చేసే ఆడవాళ్లు, గంట కొట్టే మనిషి. అయ్యగార్లనూ అమ్మగార్లనూ మరిచిపోవద్దు. పెళ్లి, సమాధి, బాప్తిస్మం, తగవు, ఆసుపత్రి, వీటి మధ్య వాళ్లకు దేవుని మాట వినే తీరిక ఎక్కడుంది? మాతో వచ్చిన ఆటో డ్రైవర్‌కు మూడు రోజుల కిరాయి పోయింది. రోజుకూలి మీద బతికేవాళ్లను పంపేటప్పుడు ఆ కూలి కూడా సంఘమే ఇవ్వాలి. లేకపోతే రిట్రీట్ అనేది నెల జీతగాళ్ల సరదాగా మిగిలిపోతుంది.

చోటు లేదనే మాట నేను ఒప్పుకోను. 1853లో మొదలైన అమెరికా మిషనరీల ఆర్కాటు మిషన్ కాలం నుంచి మన పక్క ఎన్ని బంగళాలు, ఎన్ని చింతతోపులు ఉన్నాయి! కొన్నిటికి తాళాలు తుప్పు పట్టాయి, గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. పెంకు సరిచేసి, రెండు బాత్‌రూములు కట్టించి, ఒక వంటమనిషిని పెడితే చాలు. ఏసీలు, స్క్రీన్లు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మౌనం అందరికీ ఒకేలా పడదు. డిప్రెషన్‌లో కూరుకుపోయి బతుకు మీద ఆశ పోయిన మనిషిని ఒంటరి గదిలో కూర్చోబెట్టి ధ్యానం చేసుకోమనకూడదు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లను ఉపవాసమని పస్తు పెట్టకూడదు. మా రిట్రీట్ నడిపించిన పాస్టరు గారు భర్త పోయిన ఆ తల్లిని రోజుకు మూడుసార్లు పిలిపించుకుని మాట్లాడారు. రెండో రోజు నుంచి వంట అవ్వకు సాయం చేయమని పంపారు. ఎవరికి మౌనం కావాలో, ఎవరికి మనిషి తోడు కావాలో తెలిసిన అనుభవజ్ఞులు లేకుండా ఇట్లాంటివి నడపొద్దు. ఫీజు కట్టించుకుని స్వస్థత గ్యారంటీ అని కరపత్రాలు వేసేవాళ్ల దగ్గరికి అసలే పోవద్దు.

వచ్చే నెల కమిటీ మీటింగులో ఈ పద్దు పెడుతున్నాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఈలోపల నా సొంత డబ్బుతో ఇద్దరి పేర్లు రాయించాను. ఒకరు మా ఇంటామె. 24 ఏళ్ల కాపురంలో ఆమె మూడు రోజులు ఊరికే కూర్చున్నది లేదు. పుట్టింటికి పోయినా వంటింట్లోనే. నేను రిట్రీట్‌కు పోయినప్పుడు మా అమ్మ మంచం దగ్గర రాత్రిళ్లు మేల్కొన్నది ఆమే. అక్కడ నేనేం పని చేయాలి అని అడిగింది. ఏ పనీ చేయనక్కర్లేదు అన్నాను. “ఏ పనీనా?” అని మళ్లీ అడిగింది. ఆ మూడు రోజులూ అమ్మను నేను చూసుకుంటాను. సంగటి కెలకడం అమ్మే మంచం మీద నుంచి చెప్తానంది.

రెండో పేరు ఆ పెద్దాయనది. ముందు వద్దన్నాడు. శ్రమల దినాల్లో రోజూ సాయంకాలం ఆరాధన ఉంటుంది, మూడు రోజులు గంట ఎవరు కొడతారు అన్నాడు. నేను కొడతానని చెప్పాను.

ఇట్లు,
ఒక సంఘ కోశాధికారి,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.